అందరి దగ్గరికీ వెళ్లే పాప: ఒక దత్తత కేసు

పిల్లల మానసిక సమస్యలకి సలహా ఇచ్చే చిన్న క్లినిక్ నాది. ముక్కనుమ నాడు దాన్ని తెరవను. ఆ ఏడాది తెరిచాను. ముందు రోజు రాత్రి ఫోన్ చేసినతని గొంతు విన్నాక తెరవకుండా ఉండలేకపోయాను. "జగ్గన్నతోట తీర్థంలో మా పాప తప్పిపోయిందండీ. పది నిమిషాల్లో దొరికిందనుకోండి. కానీ..." అని ఆగిపోయాడు. ఆ కానీ ఏమిటో మర్నాడు రాజమండ్రి వచ్చి చెప్పారు.

పెదనాన్న భుజం మీద కూర్చుని, తీర్థానికి ఊళ్ల నుంచి మోసుకొచ్చిన ప్రభలు చూస్తున్న పాప కిందికి దిగింది. పక్కన ఎవరో ఆడమనిషి నవ్వుతూ చెయ్యి చాపితే ఆ వేలు పట్టుకుని జనంలోకి నడిచిపోయింది. ఏడవలేదు, వెనక్కి చూడలేదు. బొమ్మల కొట్టు దగ్గర దొరికినప్పుడు తల్లి పరుగున వెళ్లి ఎత్తుకుంటే ఆ ఆడమనిషిని చూసి నవ్విన నవ్వే తల్లిని చూసీ నవ్వింది. ఇది చెప్తున్నప్పుడే తల్లి ఏడ్చింది. అప్పటిదాకా బాగానే మాట్లాడింది.

కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను.

వాళ్లు ఎలా వచ్చారు

దంపతులిద్దరూ గోదావరి వాళ్లే. అతనిది అంబాజీపేట దగ్గర ఒక ఊరు, ఆమెది పాలకొల్లు వైపు. పదకొండేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నారు. పాపకి రెండేళ్ల ఏడు నెలలు. ఆరు నెలల వయసు నుంచి ఒడిశాలోని ఒక దత్తత సంస్థలో పెరిగింది. నా దగ్గరికి వచ్చే నాటికి పాప వీళ్ల చేతికి వచ్చి ఇరవై రోజులు.

విదేశాల్లో ఉండే మనవాళ్లు ఇక్కడి బిడ్డను దత్తత తీసుకోవాలంటే కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ కింద దత్తతల వ్యవహారం చూసే సంస్థ కారా ద్వారానే రావాలి. 2015 నాటి బాల న్యాయ చట్టాన్ని 2021లో సవరించాక, 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు బదులు జిల్లా మేజిస్ట్రేటు ఇస్తున్నారు. కారా నిరభ్యంతర పత్రం ఇచ్చిన తర్వాత, ఉత్తర్వు వచ్చేలోపు బిడ్డను దేశం దాటించకుండా తాత్కాలికంగా తల్లిదండ్రుల దగ్గర ఉంచవచ్చు. ఉత్తర్వు వచ్చాక, దేశాల మధ్య దత్తతల మీద ఉన్న హేగ్ ఒప్పందం 23వ అధికరణం కింద ధ్రువపత్రం, ఆ పైన పాస్‌పోర్టు, ఆ పైన ఢిల్లీలో వీసా. ఈ జంటకి ఇదంతా పూర్తవడానికి దాదాపు పదకొండు వారాలు పట్టింది.

ఆ పదకొండు వారాలనీ వాళ్లు వెయిటింగ్ అనేవారు. అసలు జీవితం టెక్సాస్ వెళ్లాక మొదలవుతుందని వాళ్ల లెక్క. అక్కడ పాప కోసం గది సిద్ధంగా ఉంది, గోడకి రంగు కూడా వేయించారు. రెండున్నరేళ్ల పిల్లకి ఆ లెక్క ఏం తెలుస్తుంది? ఆ పిల్లకి ఒక పొద్దున్నే తెలిసిన మొహాలన్నీ మాయమై కొత్త మొహాలు వచ్చాయి. రైలు, కారు, కొబ్బరితోటలో ఒక పెద్ద ఇల్లు, అర్థం కాని భాష. మొదలవాల్సిందంతా అప్పటికే మొదలైపోయింది.

తల్లిదండ్రుల పరిస్థితీ అంతంతమాత్రమే. పుట్టిన ఊరే, కానీ పదకొండేళ్ల తర్వాత వాళ్లు అక్కడ చుట్టాలు. తండ్రి సెలవు అయిపోయింది కాబట్టి ఇక్కడి నుంచే పని చేస్తున్నాడు. మన రాత్రి ఏడున్నర అంటే అక్కడ ఉదయం ఎనిమిది. తెల్లవారుజాము దాకా లాప్‌టాప్ ముందు కూర్చుని, పాప మెలకువగా ఉండే పగలంతా నిద్రపోయేవాడు. ఇంట్లో తల్లి, మామ్మ, తాత, పెదనాన్న కుటుంబం. పైగా సంక్రాంతి. కోనసీమలో సంక్రాంతి ఇల్లంటే ఎలా ఉంటుందో చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు.

అటుకుల సంగతి

మొదటి వారం పాప రోజూ ఒక మాట అనేది: "చుడా." ఇంట్లో అందరికీ ముచ్చటేసింది. తెలుగు వచ్చేస్తోందనుకున్నారు. "చూస్తున్నాం తల్లీ, ఏదీ, ఏం చూడాలి?" అంటూ ఆవుని చూపించారు, కొబ్బరికాయలు దింపుతున్న మనిషిని చూపించారు, కాలవలో బాతుల్ని చూపించారు. పాప చూసేది, మళ్లీ "చుడా" అనేది, కాసేపటికి ఊరుకునేది.

ఒడియాలో చుడా అంటే అటుకులు. పిల్ల ఆకలేసి అటుకులు అడుగుతోంది.

నాకు ఒడియా రాదు. పాపను పెంచిన ఆయాకి ఫోన్ చేసి, రోజూ వాడే మాటలు ఓ ఇరవై అడిగి రాసుకోమని మొదటి రోజే తల్లికి చెప్పాను. అలా బయటపడింది. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించారు: పాణి అంటే నీళ్లు, భాత అంటే అన్నం, నాహిఁ అంటే వద్దు. ఇంకో మాట కూడా తెలిసింది. పాప తల్లిని "మావుసి" అని పిలుస్తుంటే అది అమ్మలాంటి మాటే అనుకుని తల్లి మురిసిపోయేది. మావుసి అంటే పిన్ని. సంస్థల్లో ఆయాలందరినీ పిల్లలు అలాగే పిలుస్తారు. పాప మామ్మనీ, పాలు పోయడానికి వచ్చే ఆవిడనీ, నన్నూ మావుసి అనే పిలిచింది.

పాత ఆయాతో మాట్లాడితే పాప బెంగ పెట్టుకుంటుందని కొందరు అంటారు. నా అనుభవంలో అది తప్పు. బెంగ పెట్టుకోగలిగిన పిల్ల అంటే ఒకర్ని ప్రేమించడం తెలిసిన పిల్ల. ఆ ఆయా మీదున్నదే రేపు ఈ తల్లి మీదికి రావాలి. పేరు విషయంలోనూ అంతే. వీళ్లు కొత్త పేరు ఎంచుకుని పెట్టుకున్నారు. పాత పేరుతోనే పిలవండి, కొత్తది కాగితాల మీద ముందుంచండి అన్నాను. ఒప్పుకున్నారు.

నేను ఏం చూశాను

ఇలాంటి కేసుల్లో అందరూ ముందు అడిగేది రోగం పేరు. వచ్చేసరికే తండ్రి ఇంటర్నెట్‌లో ఒకటి వెతికి తెచ్చాడు: డిస్ఇన్హిబిటెడ్ సోషల్ ఎంగేజ్‌మెంట్ డిజార్డర్. కొత్తవాళ్ల దగ్గరికి జంకు లేకుండా వెళ్లిపోవడం దాని ప్రధాన లక్షణం. నిజంగానే పాపలో అది కనిపిస్తోంది. అయినా నేను ఆ పేరు పెట్టలేదు. ఇరవై రోజుల్లో ఎవరూ పెట్టకూడదు. పాపకి ఇంకా తనవాళ్లు ఎవరో తెలియనప్పుడు, కొత్తవాళ్లు ఎవరో ఎలా తెలుస్తుంది? షిఫ్టులు మారే ఆయాల మధ్య పెరిగిన పిల్ల, ఎవరు నవ్వితే వాళ్ల దగ్గరికి వెళ్లడం నేర్చుకుంది. అక్కడ అది తెలివైన పనే.

మేరీ ఎయిన్స్‌వర్త్ తల్లీబిడ్డల అనుబంధాన్ని గమనించడానికి ఒక పద్ధతి తయారుచేసింది. తల్లి గదిలోంచి వెళ్తుంది, తిరిగి వస్తుంది, బిడ్డ ఏం చేస్తుందో చూస్తారు. అది ఏడాది, ఏడాదిన్నర పిల్లల కోసం చేసింది కాబట్టి ఈ పాపకి కొలతగా వాడలేదు. కానీ అందులోని అసలు విషయం పనికొస్తుంది: బిడ్డ ఏడ్చిందా లేదా అన్నదానికన్నా, తల్లి తిరిగి వచ్చాక ఆమె దగ్గర ఊరట వెతుక్కుందా లేదా అన్నది ముఖ్యం. నా గదిలో తల్లి బయటికి వెళ్లింది. పాప చెక్క దిమ్మెలతో ఆడుతూనే ఉంది. తల్లి వచ్చింది. తల ఎత్తలేదు. కాసేపటికి లేచి, నా ఒళ్లో వచ్చి కూర్చుంది. తల్లి మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాను.

తర్వాత ఇంటి సంగతులు అడిగాను. కింద పడితే ఎవరి వైపు చూస్తుంది? ఎవరి వైపూ చూడదు, దులుపుకుని లేస్తుంది. అన్నం? వేగంగా తింటుంది, చాలు అనదు, బిస్కెట్లు దిండు కింద దాస్తుంది. రాత్రి? ఏడవదు. "చాలా మంచి పిల్లండీ, నిద్ర లేచినా చప్పుడు చెయ్యదు" అంది తల్లి. నాకు అన్నిటికన్నా బెంగ పుట్టించిన మాట ఇదే. ఏడిస్తే ఎవరో వస్తారని తెలిసిన పిల్ల ఏడుస్తుంది.

భోగి నాటి సంగతి అప్పుడే చెప్పారు. సాయంత్రం పాపని పీట మీద కూర్చోబెట్టి నలభై మంది పేరంటాళ్లు భోగిపళ్లు పోశారు. రేగిపళ్లు, చిల్లర డబ్బులు, పూలరెక్కలు, చెరుకు ముక్కలు. పాప నవ్వుతూనే ఉంది, అందరి చంకలూ ఎక్కింది. "ఎంత కలుపుగోలు పిల్లో" అని ఊరంతా మెచ్చుకుంది. ఆ రాత్రి మూడింటి దాకా పాప పక్క మీద కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉందట. రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టలేదు.

నా తప్పు

దత్తత తర్వాత మొదటి వారాల్లో పిల్లల నిపుణులు చెప్పే మాట ఒకటే: బిడ్డ అవసరాలన్నీ తల్లిదండ్రుల చేతుల మీదుగానే తీరాలి. అన్నం, నీళ్లు, స్నానం, నిద్ర, దెబ్బ తగిలితే ఓదార్పు. మిగిలినవాళ్లు నవ్వొచ్చు, పలకరించొచ్చు, ఎత్తుకోకూడదు. ఈ సలహా మంచిదే. కానీ ఇది ఇద్దరే ఉండే ఇళ్లను చూసి రాసిన సలహా. నేను దాన్ని యథాతథంగా ఒక కాగితం మీద రాసి పన్నెండు మంది ఉన్న ఇంటికి పంపించాను.

మూడో రోజు మామ్మగారే ఫోన్ చేశారు. నేను డాక్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి నేను డాక్టరమ్మనే. "నా మనవరాలికి నేను ముద్ద పెట్టకూడదంట, నిజవేనా డాక్టరమ్మా? పరాయిదాన్ననా, లేపోతే పిల్ల పరాయిదనా?" అన్నారు. నేను ఏదో శాస్త్రం చెప్పబోయాను. ఆవిడ "సరేలెండి" అని పెట్టేశారు. సాయంత్రం బస్సుకి కూతురింటికి వెళ్లిపోయారు.

ఆ రాత్రి నుంచి పాప ఊగడం ఎక్కువైంది. పగలు కూడా మొదలైంది. వంటింటి గుమ్మం దగ్గరకి వెళ్లి నిలబడటం, వెనక్కి రావడం. అటుకులు కూడా ముట్టలేదు. పగలంతా ఇంట్లో స్థిరంగా కనిపించిన మొహం మామ్మదే. తల్లి కాగితాల కోసం పరుగులు పెట్టేది, తండ్రి నిద్రలో ఉండేవాడు. అందరినీ పోగొట్టుకుని వచ్చిన పిల్లకి ఇంకో మనిషిని నా కాగితంతో మాయం చేశాను. ఇంటి వివరాలు అడిగేటప్పుడు పగలు ఎవరుంటారన్న ప్రశ్న నేను వెయ్యలేదు. ఇప్పుడు ఏ కేసులోనైనా అదే మొదట అడుగుతున్నాను.

మామ్మగారి కూతురి ఊరు నేనే వెళ్లాను. క్లినిక్‌లో కూర్చుని పిలిపించుకుంటే వచ్చే మనిషి కాదు. శాస్త్రం చెప్పలేదు. వంటింటి గుమ్మం సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్లి సంచీ సర్దుకున్నారు.

తిరుగు దారిలో కారులో కూర్చుని ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. నిజానికి సగం ఆవిడ చెప్పిందే. పాపకి కావాల్సిందంతా మామ్మ సిద్ధం చేస్తారు, చివరి చెయ్యి మాత్రం తల్లిది. పప్పన్నం మామ్మ కలిపి గిన్నె కోడలి చేతికిస్తారు, కోడలు ముద్ద పెడుతుంది. స్నానానికి నూనె వెచ్చబెట్టేది, సున్నిపిండి కలిపేది మామ్మ, ఒళ్లు రుద్దేది తల్లి. పిల్లకి కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోయడం ఆ అమ్మాయికి రాదు. మామ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని నేర్పారు. పాప మామ్మ దగ్గరికి వచ్చి చేతులు చాపితే, ఆవిడ ఒకసారి ముద్దు పెట్టి, "అమ్మ ఏదీ? పద, అమ్మ దగ్గరికి పోదాం" అని తీసుకెళ్లి అప్పగించేవారు. ఊరివాళ్ల సంగతి నాకు వదిలెయ్యండి అన్నారు. ఏం చెప్పారో తెలియదు కానీ వారం తిరిగేసరికి పాపని ఎత్తుకుంటామని ఎవరూ అడగలేదు. పిల్లకి దిష్టి తగిలిందని చెప్పి ఉంటారని నా అనుమానం. అడగలేదు.

రాత్రి రెండు గంటలు

ఈ కేసులో నేను ఊహించనిది తండ్రి వైపు నుంచి జరిగింది. తల్లి పగలంతా అంత చేస్తుంటే పాప ముందుగా అతుక్కున్నది రాత్రంతా పని చేసుకునే మనిషికి.

ఒక రాత్రి అతను మీటింగ్‌లో ఉండగా లాప్‌టాప్ వెలుతురులో పాప కళ్లు మెరిశాయి. చప్పుడు లేకుండా పడుకుని చూస్తోంది. ఎంతసేపటి నుంచో తెలియదు. అతను మైక్ ఆపి, దుప్పటితో సహా ఎత్తుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. గిన్నెలో నానబెట్టిన అటుకులు, కాస్త బెల్లం. పాప తిని అక్కడే పడుకుంది. మర్నాడూ అంతే. రెండు గంటలకి ఇద్దరూ అటుకులు తినడం ఒక రివాజయింది. ఐదో వారంలో ఒక రాత్రి అతను మంచినీళ్లకని లేచి వెళ్లాడు. పాప లేచి, అతను లేని కుర్చీ చూసి, గొంతెత్తి ఏడ్చింది. ఆ ఇంట్లో అది పాప మొదటి ఏడుపు. ఇల్లంతా లేచింది. మామ్మగారు తెల్లారాక నాకు ఫోన్ చేసి "ఏడిచిందండీ, ఇంతెత్తున ఏడిచింది" అని పండగ కబురులా చెప్పారు. అప్పటికి ఆవిడకి నాకన్నా బాగా అర్థమైపోయింది.

తల్లికి మాత్రం అది పండగ కాలేదు. "పొద్దున్నుంచి చేసేది నేను. రాత్రి అటుకులు పెట్టినాయన నాన్న, నేను ఇంకా మావుసినే" అంది. విడిగా పిలిచి మాట్లాడాను. నిద్ర లేదు, ఆకలి లేదు, పాపను చూస్తే కొన్నిసార్లు ఏమీ అనిపించడం లేదని నేల చూస్తూ చెప్పింది. ఆరేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న బిడ్డ, ఇలా అనిపిస్తోందని ఎవరికి చెప్పుకుంటుంది? కాన్పయిన తల్లులకి వచ్చే డిప్రెషన్ దత్తత తల్లులకీ వస్తుంది. కడుపున మోయలేదు కాబట్టి వీళ్లకెందుకు వస్తుందని చుట్టుపక్కలవాళ్లే కాదు, కొన్నిసార్లు వైద్యులూ అనుకుంటారు. ఆమెని ఒక మానసిక వైద్యురాలికి చూపించాం. మందులు అవసరం పడలేదు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు పూర్తిగా నిద్ర, ఆ సమయంలో తండ్రి లేచి పాప దగ్గర ఉండటం, ప్రతి వారం నాతో ఒక గంట. కోలుకోవడానికి నెల పట్టింది. తండ్రి దగ్గరికి వెళ్లడం తల్లికి దూరమవడం కాదని, ఒకరిని నమ్మడం నేర్చిన పిల్ల రెండో మనిషిని త్వరగా నమ్ముతుందని ఆమెకి చాలాసార్లు చెప్పాను. నమ్మలేదు.

ఏడో వారంలో పక్కింటావిడ వచ్చి, మరిచిపోయి పాపని ఎత్తుకోబోయింది. పాప వెనక్కి తగ్గి, పరుగెత్తుకెళ్లి తల్లి నైటీ అంచు పట్టుకుని మొహం దాచుకుంది. "అయ్యో, ఇదివరకు ఇంచక్కా వచ్చేసేది, ఇప్పుడేంటండీ ఇలా మొండికేస్తోంది" అందావిడ. తల్లి కంగారుపడి నాకు ఫోన్ చేసింది, పాప ఎవరితోనూ కలవడం లేదని. ఆ రోజు నేను టీ మీద టీ తాగాను, సంతోషంతో.

పంటు, ఢిల్లీ, విమానం

ప్రయాణానికి పాపను సిద్ధం చెయ్యడానికి మాకు దగ్గర్లో దొరికింది గోదావరి. ముక్తేశ్వరం రేవు నుంచి కోటిపల్లికి పంటు మీద, అంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ మీద, తీసుకెళ్లమన్నాను. ఇంజను మోత, జనం, మోటారు సైకిళ్లు, కాళ్ల కింద కదిలే చెక్క. తల్లి పాపను చీర కొంగుతో నడుముకి కట్టుకుని నిలబడేది. అవతలి ఒడ్డున దిగి కోటిపల్లి గుడి దాకా నడిచి తిరిగి వచ్చేవారు. నాలుగుసార్లు వెళ్లారు. మొదటిసారి పాప బిగుసుకుపోయింది, నాలుగోసారి నీళ్లలోకి పువ్వు విసిరింది. ఇందులో ఒక లోపం ఉంది, అది నాకు తెలుసు. పంటు మీద వెళ్లిన పిల్ల సాయంత్రానికి మామ్మ దగ్గరికి వచ్చేస్తుంది. విమానం తిరిగి రాదు. అందుకని చివరి రెండు వారాలు మామ్మ రోజూ సాయంత్రం ఓ పావుగంట పక్క గదిలోంచి వీడియోలో పాపతో మాట్లాడారు. ఫోనులోని మామ్మా, ఇంట్లోని మామ్మా ఒకరేనని తెలియాలిగా.

ఢిల్లీకి సామానులో మామ్మ పాత నేత చీర ఒకటి పెట్టించాను, ఉతకకుండా. తల్లి కొంచెం ఇబ్బంది పడింది కానీ పెట్టింది. హోటల్లో పాప మంచం ఎక్కలేదు. ఆ చీర నేల మీద పరిచి ముగ్గురూ దాని మీదే పడుకున్నారు. రెండేళ్లు దాటిన పిల్లలకి అమెరికా వీసా వైద్య పరీక్షలో టీబీ కోసం రక్తం తీస్తారు. పాపను నర్సుకి వదిలి బయట నిలబడొద్దని, ఒళ్లో పెట్టుకుని కూర్చోమని, "ఏమీ కాదు" అనొద్దని, "నొప్పి వస్తుంది, నేను పట్టుకుంటాను" అనమని ముందే చెప్పాను. పాప బాగా ఏడ్చింది. సూది తీశాక తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, గంట సేపు వదల్లేదు. ఆ గంట తల్లికి నేను ఏడు వారాలు చెప్పిన మాటలన్నిటికన్నా ఎక్కువ పని చేసింది. ఆ రాత్రి నాకు మెసేజ్ పెట్టింది: "నన్నే పట్టుకుంది మేడమ్."

మార్చి రెండో వారంలో వెళ్లిపోయారు. విమానంలో పెద్ద ఇబ్బంది రాలేదు. వెళ్లిన తర్వాత పది రోజులు కష్టపడ్డారు. పాప ఊగడం మళ్లీ వచ్చి తగ్గింది. రంగు వేయించిన గది ఖాళీగా ఉంది, ముగ్గురూ ఒకే గదిలో నేల మీద పడుకుంటున్నారు. విదేశీ దత్తతల్లో రెండేళ్ల పాటు అక్కడి సంస్థ నివేదికలు పంపాలి, మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, రెండో ఏడాది ఆరు నెలలకొకసారి. మొదటి నివేదికలో బరువు, మాటలు, టీకాలు అన్నీ బాగున్నాయి. దిండు కింద బిస్కెట్ల సంగతి అందులో లేదు. ఇప్పటికీ దాస్తోంది. తియ్యొద్దని, దిండు పక్కన ఒక డబ్బా పెట్టి అది ఎప్పుడూ ఖాళీ కాకుండా చూడమని చెప్పాను.

జూన్‌లో వీడియో కాల్ చేశారు. పాప చేతిలో అటుకుల గిన్నె. తెర మీద నన్ను చూడగానే తల్లి వీపు వెనక్కి వెళ్లిపోయింది. ఒక కన్ను మాత్రం భుజం మీంచి కనిపిస్తోంది. తల్లి "మేడమ్‌కి హాయ్ చెప్పమ్మా" అని రెండు మూడుసార్లు బతిమాలింది. చెప్పలేదు. "సారీ మేడమ్, కొత్తవాళ్లతో ఈ మధ్య ఇలాగే చేస్తోంది" అంది.

ఆ వాక్యాన్ని ఆమె అన్నది అన్నట్టే ఫైల్లో రాసుకున్నాను.